నాటు పులుపు, హైబ్రిడ్ నునుపు

ఖమ్మం జిల్లా దక్షిణపు కొసన, మధిర దాటి విజయవాడ వైపు సాగే రైలు దారిలో ఉంటుంది ఎర్రుపాలెం. కాస్త అటు జరిగితే ఆంధ్రప్రదేశ్. ఈ చుట్టుపక్కల కూరగాయల కొట్లలో, సీజన్‌లో టమాటా రెండు కుప్పలుగా కనిపిస్తుంది. ఒక కుప్పలో కాయలు కోలగా, నున్నగా, అచ్చులో పోసినట్టు ఒకే సైజులో ఉంటాయి. వేలితో నొక్కినా సొట్ట పడవు. రెండో కుప్పలోవి అడ్డంగా బల్లపరుపుగా, పైన గాళ్లు పడి, తొడిమ చుట్టూ ఇంకా పచ్చదనం వదలకుండా, ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీగా ఉంటాయి. సాయంత్రానికే కొన్ని పగిలి రసం కారుతుంటాయి. మొదటిది హైబ్రిడ్, రెండోది నాటు. చారు కాచాలన్నా, రోటి పచ్చడి నూరాలన్నా నాటు వెతుక్కునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాలుగు రోజులు నిలవుండాలంటే మాత్రం వాళ్ల చేయి కూడా హైబ్రిడ్ వైపే పోతుంది.

అందం, గట్టిదనం ఒక కాయకీ, రుచి మరో కాయకీ ఎందుకు పోయాయి? ‘మందులు కొట్టి పండిస్తున్నారు కదా, రుచి ఎక్కడుంటుంది’ అన్నది ఊళ్లో తరచూ వినిపించే జవాబు. టమాటా మీద గత ఇరవై ఏళ్లలో జరిగిన పరిశోధన చెప్పే జవాబు వేరు. కాయ రుచిలో చాలా భాగం మందు చల్లకముందే, విత్తనంలోనే నిర్ణయమైపోతుంది. ఆ విత్తనం ఎలా ఉండాలో నిర్ణయించేది మార్కెట్.

రుచి ఎక్కడ ఉంటుంది?

టమాటాలో దాదాపు 95 శాతం నీళ్లే. మిగిలిన ఆ కాస్తలో సగం దాకా చక్కెరలు, ముఖ్యంగా గ్లూకోజు, ఫ్రక్టోజు. పులుపునిచ్చేవి సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు. వీటికి తోడు గ్లుటమేట్ అనే పదార్థం కాయ పండే కొద్దీ పెరుగుతుంది. పప్పులో టమాటా పడగానే ఉప్పు, కారం, పులుపులకు అందని ఒక కమ్మదనం వస్తుందే, అది దీని పనే.

ఇదంతా నాలుకకు తెలిసే భాగం. మిగతాది ముక్కు పని. టమాటా నుంచి గాల్లోకి ఎగిరే వాసన పదార్థాలు 400కు పైగా ఉన్నాయి. మనకు ‘ఇది టమాటా’ అని తెలిసేలా చేసేవి వాటిలో ఓ పాతిక, ముప్పై. కొన్ని కాయలోని కొవ్వుల నుంచి పుడతాయి. ఆకు నలిపినప్పుడు వచ్చే పచ్చి వాసన ఈ కోవలోది. కొన్ని అమైనో ఆమ్లాల నుంచి వస్తాయి. మరికొన్ని ఎరుపు రంగునిచ్చే లైకోపీన్, దాని తోబుట్టువులైన పదార్థాలు విరిగినప్పుడు తయారవుతాయి. పండు తీయగా అనిపించడానికి చక్కెరతో పాటు ఈ వాసనలూ కారణమే. జలుబు చేసినప్పుడు టమాటా చారు వట్టి పులుసు నీళ్లలా ఉండేది అందుకే.

ఇప్పుడు రెండు కుప్పల్లోంచి చెరో కాయ తీసి అడ్డంగా కోస్తే తేడా కంటికే కనబడుతుంది. కోలకాయలో రెండు మూడు గదులే ఉంటాయి. గోడ మందం, లోపల జిగురు తక్కువ. నాటుకాయలో గదులు ఎక్కువ, గోడ పలచన, గింజల చుట్టూ జిగురు నిండా ఉంటుంది. గదుల సంఖ్యనూ, కాయ కోలగా సాగడాన్నీ నియంత్రించే జన్యువులు ఏవో శాస్త్రజ్ఞులకు ఇప్పటికే తెలుసు. గ్లుటమేట్ గోడలో కంటే ఆ జిగురులో మూడు రెట్లకు మించి ఉంటుందని బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం 2007లో కొలిచి చూపింది. పులుపు కూడా జిగురు వైపే ఎక్కువ. దీన్నిబట్టి హైబ్రిడ్ కోలకాయతో చారు పెట్టినప్పుడు చింతపండు ఇంకాస్త పిసకాల్సి రావడం వంటమనిషి చాదస్తం కాదు. రుచి ఉండే భాగమే ఆ కాయలో తగ్గిపోయింది.

మదనపల్లె నుంచి వచ్చే కాయ

జిగురు తగ్గించి గోడ పెంచిన కాయ ఎవరికి కావాలి? దూరం వెళ్లాల్సిన లారీకి కావాలి.

ఖమ్మం వైపు మైదానాల్లో టమాటా చలికాలపు పంట. వానలు తగ్గుతుండగా నారు పోస్తే డిసెంబరు నుంచి మార్చి దాకా కాయ దిగుతుంది. ఏప్రిల్ వచ్చి ఎండ 40 డిగ్రీలు దాటాక పుప్పొడి చచ్చిపోతుంది, పూత రాలిపోతుంది. నిలిచిన కాయలు కూడా సరిగా ఎర్రబడవు. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటిన కొద్దీ లైకోపీన్ తయారీ మందగిస్తుంది. పసుపు రంగు పదార్థాలు మాత్రం తయారవుతూనే ఉంటాయి. ఎండాకాలపు కాయ పసుపు, నారింజ మచ్చలతో ఉండేది అందుకే.

అప్పుడు టమాటా రావాల్సింది చల్లటి చోటు నుంచి. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె, దాని పక్కనే కర్ణాటకలోని కోలారు, చింతామణి ప్రాంతాలు వేసవిలోనూ టమాటా పండిస్తాయి. మదనపల్లె నుంచి ఎర్రుపాలెం దాకా దారి దాదాపు ఐదు వందల కిలోమీటర్లు. ఒకదాని మీద ఒకటి పేర్చిన క్రేట్లు, పైన టార్పాలిన్, లోపల వేడి. పలచటి గోడ, నిండా జిగురు ఉన్న నాటుకాయ ఆ ప్రయాణంలో అడుగు క్రేటులోనే రసమైపోతుంది. గట్టి కాయను కూడా పండాక కోయరు, దోరగా ఉన్నప్పుడే కోస్తారు. టమాటా కోశాక కూడా పండే జాతి. తనలోంచే ఇథిలీన్ వాయువు పుట్టించుకుని దారిలోనే ఎర్రబడుతుంది. రంగైతే వస్తుంది గానీ, చక్కెర మాత్రం తీగ మీద ఉన్నంతకాలమే చేరుతుంది. తొందరగా కోసిన కాయకు ఆ చివరి విడత అందదు.

మండీలో వేలం పాడేటప్పుడు కాయను కొరికి చూసేవాళ్లెవరూ ఉండరు. సైజు, రంగు, గట్టిదనం, పగుళ్లు, మచ్చలు: గ్రేడు వీటితోనే తేలుతుంది. 2023 జులై నెలాఖరున సరుకు కొరత ఏర్పడి మదనపల్లెలో మొదటి రకం కిలో ధర 200 రూపాయల దరిదాపుల్లోకి వెళ్లినప్పుడు కూడా ఆ ‘మొదటి రకం’ కంటితో, వేలితో తేల్చిందే. అలాంటి చోట రైతు ఏ విత్తనం కొంటాడు? గ్రేడు తెచ్చేదే కొంటాడు. కంపెనీ ఏది తయారు చేస్తుంది? రైతు అడిగేదే చేస్తుంది. ఈ వరుసలో ఎవరూ రుచికి శత్రువులు కారు. రుచిని అడిగేవాళ్లే ఎవరూ లేరు.

నున్నగా ఎర్రబడ్డందుకు చెల్లించిన మూల్యం

కొన్ని చోట్ల మాత్రం అందం నేరుగా రుచిని తినేసింది. అందుకు బాగా తెలిసిన ఉదాహరణ నాటుకాయ తొడిమ చుట్టూ ఉండే ఆ పచ్చదనమే.

పచ్చి టమాటా పైభాగం ముదురు ఆకుపచ్చగా ఉండటం సహజ లక్షణం. 1930 ప్రాంతంలో అమెరికాలో కాయంతా ఒకే లేత ఆకుపచ్చగా ఉండి, పండినప్పుడు ఒకే తీరున ఎర్రబడే మొక్కలు వెలుగులోకి వచ్చాయి. ఏ కాయ కోతకు వచ్చిందో తేలిగ్గా తెలుస్తుంది, బుట్టలో చూడముచ్చటగా ఉంటుంది. ప్రజననకారులు ఆ గుణాన్ని రకం తర్వాత రకంలోకి ఎక్కించుకుంటూ పోయారు. అది నిజానికి పాడైపోయిన ఒక జన్యువు ఫలితమని 2012లో గానీ తెలియలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖకు చెందిన ఆన్ పావెల్ బృందం ఆ ఏడాది ‘సైన్స్’ పత్రికలో దాని ఆచూకీ చెప్పింది. జీఎల్‌కే2 అనే ఈ జన్యువు బాగుంటే కాయ పైభాగంలో క్లోరోప్లాస్టులు, అంటే ఎండతో చక్కెర తయారు చేసే పచ్చటి రేణువులు, ఎక్కువగా ఏర్పడతాయి. అలాంటి కాయ ఆకుల మీదే ఆధారపడకుండా తనూ కొంత చక్కెర చేసుకుంటుంది, పండాక లైకోపీన్ కూడా ఎక్కువగా ఉంటుంది. జన్యువు చెడితే రంగు సమంగా వస్తుంది, తీపి తగ్గుతుంది. ఎనభై ఏళ్ల పాటు కంటికి నచ్చినదాన్ని ఎంచుకుంటూ, నాలుకకు నచ్చేదాన్ని తెలియకుండా వదిలేశారన్నమాట.

తమిళనాడులోని పెరియకుళం నుంచి వచ్చిన పీకేఎం-1 రకంలో ఆ పచ్చటి భుజాలు ఇప్పటికీ స్పష్టంగా కనబడతాయి. అది అణ్ణంజి అనే స్థానిక రకం నుంచి ఉత్పరివర్తన, అంటే జన్యువులో వచ్చే మార్పు, ద్వారా తీసింది. అలాగని పచ్చటి భుజాలు ఎప్పుడూ మేలేనని చెప్పలేం. మండే ఎండలో ఆ భాగం పండకుండా పసుపుగా, గట్టిగా ఉండిపోతుంది. వ్యాపారి దాన్ని లోపంగా చూడటంలో కొంత న్యాయం ఉంది.

రెండో ఉదాహరణ నిలవ గుణానిది. 1968లో ‘రిన్’ అని పేరు పెట్టిన ఒక ఉత్పరివర్తనను శాస్త్రజ్ఞులు వర్ణించారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ లోపం వచ్చిన కాయ ఎన్నాళ్లు ఉంచినా ఎర్రబడదు, మెత్తబడదు. ఒక వైపు నుంచే వస్తే పండుతుంది గానీ చాలా నెమ్మదిగా పండుతుంది, వారాల తరబడి గట్టిగా నిలుస్తుంది. దీన్ని వాడుకుని ప్రపంచమంతా దీర్ఘకాలం నిలిచే హైబ్రిడ్‌లు తయారు చేశారు. అయితే ‘రిన్’ జన్యువు పండటానికి మొత్తంగా తాళం చెవి లాంటిదని 2002లో తేలింది. మెత్తబడటం, ఎర్రబడటం, వాసన పుట్టడం అన్నీ దాని చేతిలోనే ఉన్నాయి. మెత్తబడటాన్ని ఆపబోతే వాసన కూడా ఆగుతుంది.

ఒక్క మెత్తబడటాన్నే ఆపలేమా అని చూసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో కాల్జీన్ కంపెనీ జన్యుమార్పిడి చేసిన ‘ఫ్లేవర్ సేవర్’ టమాటాను 1994లో అమ్మకానికి పెట్టింది. ఖర్చులు గిట్టక 1997కల్లా అది మార్కెట్ నుంచి పోయింది. మన దేశంలో ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు పరిశోధన సంస్థ 2010లో రెండు ఎంజైములను అణచి, నెలన్నర దాకా గట్టిగా ఉండే కాయను చూపించింది. ఆ కాయ ఇంకా బజారుకు రాలేదు.

మూడోది సైజు. అడవి టమాటా ఒకటి రెండు గ్రాముల గోళీకాయ. ఇప్పటి పొలంలో వంద గ్రాముల కాయ మామూలు, పైగా గెలకు కాయలూ ఎక్కువే. మొక్క ఆకులు చేసే చక్కెర మాత్రం ఆ లెక్కన పెరగలేదు. వచ్చే జీతం అంతే ఉండి ఇంట్లో తినేవాళ్లు పెరిగినట్టు, ఒక్కో కాయ వాటాకు వచ్చేది తగ్గింది. దిగుబడిని, తీపిని రెండింటినీ కలిపి పెంచడం ఏ ప్రజననకారుడికైనా కష్టమయ్యేది ఇక్కడే.

పట్టించుకోక పోగొట్టుకున్నవి

ఈ మూడూ తెలిసో తెలియకో చేసుకున్న బేరాలు. వాసనల సంగతి వేరు. అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ క్లీ, చైనా శాస్త్రజ్ఞులతో కలిసి 398 రకాల టమాటాల జన్యుక్రమాన్ని చదివారు. అందులో 101 రకాలను మామూలు జనం చేత తినిపించి మార్కులు వేయించారు. 2017లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, జనానికి నచ్చిన రుచికి కీలకమైన వాసన పదార్థాల్లో 13 ఆధునిక రకాల్లో బాగా తగ్గిపోయాయి. వాసన పదార్థాలు కాయలో అతి తక్కువ మోతాదులో ఉంటాయి. కాబట్టి వాటిని పెంచితే దిగుబడి తగ్గుతుందన్న భయం లేదు. అంటే ఇవి దేనికో మారకంగా పోయినవి కావు. తరం తర్వాత తరంలో ఎవరూ చూసుకోక జారిపోయినవి.

2019లో మరో బృందం 725 టమాటా మొక్కల జన్యుసంపదను పోల్చింది. 2012లో అంతర్జాతీయ కూటమి చదివిన మొదటి టమాటా జన్యుక్రమంలో లేని 4,873 జన్యువులు అందులో బయటపడ్డాయి. వాసనకు పనికొచ్చే ‘టామ్‌లాక్స్-సీ’ అనే జన్యువు తాలూకు ఒక అరుదైన రూపం అడవి టమాటాల్లో 91 శాతంలో ఉంటే, పాత సాగు రకాల్లో 2 శాతంలోనే మిగిలిందని అందులో తేలింది. విశేషమేమిటంటే కొత్త రకాల్లో అది మళ్లీ 7 శాతానికి పెరిగింది. తెగుళ్లను తట్టుకునే గుణాల కోసం అడవి జాతులతో సంకరం చేసినప్పుడు ఇదీ వెంట వచ్చి ఉంటుందని ఆ శాస్త్రజ్ఞుల ఊహ.

హైబ్రిడ్ అన్న మాటకే తప్పు అంటగట్టొద్దు

హైబ్రిడ్ అంటే రెండు వేర్వేరు వంశాలను సంకరం చేసి తీసిన మొదటి తరం విత్తనం. అంతకు మించి అందులో మాయ లేదు. బెంగళూరులోని ఇండో-అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ 1973లో ‘కర్ణాటక’ పేరుతో మన దేశంలో మొదటి హైబ్రిడ్ టమాటాను విడుదల చేసింది. నగరాల్లో ఖరీదు పెట్టి కొనుక్కునే తియ్యటి చెర్రీ టమాటాల్లో చాలా భాగం హైబ్రిడ్‌లే. గట్టిదనం కోసం సంకరం చేస్తే గట్టి కాయ వస్తుంది, తీపి కోసం చేస్తే తీపి కాయ వస్తుంది.

మరో సంగతి: రైతు హైబ్రిడ్ వైపు మళ్లింది అందం కోసమే కాదు. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్ పట్టిందంటే నాటు మొక్క గిడసబారిపోతుంది, పూత దశలో సోకితే తోటంతా పోయినట్టే. దీన్ని తట్టుకునే జన్యువులు అడవి టమాటాల నుంచి వచ్చాయి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ తీసిన ‘అర్కా రక్షక్’ ఆకుముడతను, బ్యాక్టీరియా ఎండు తెగులును, ఆకుమాడు తెగులును మూడింటినీ తట్టుకునే హైబ్రిడ్. పెట్టుబడి పెట్టి కర్రలు పాతి, తీగలు కట్టే రైతుకు ఆ భరోసా ముందు రుచి రెండో మాటే అవుతుంది.

నాటు అన్నదీ మనం అనుకునేంత పాతది కాదు. టమాటా పుట్టిల్లు దక్షిణ అమెరికా. యూరపు వాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చింది. గాళ్లు పడిన బల్లపరుపు కాయతో మన దేశమంతా పేరు తెచ్చుకున్న ‘పూసా రూబీ’ తల్లిదండ్రుల్లో ఒకటి ‘సియో’ అనే అమెరికా రకం. పైగా నాటు కాయకు గిరాకీ ఉన్న చోట కంపెనీలు అదే ఆకారంలో, అదే పులుపుతో హైబ్రిడ్ విత్తనాలు అమ్ముతున్నాయి. అందుకని ఆకారం చూసి వంశం చెప్పలేం. కోసి చూస్తే గదులు, జిగురు మాత్రం అబద్ధం చెప్పవు.

ఫ్రిజ్‌లో పోయేది, పోనిది

కొన్నాక కూడా కొంత రుచి మన చేతుల్లోంచే పోతుంది. హ్యారీ క్లీ బృందమే 2016లో పండిన టమాటాలను 5 డిగ్రీల చలిలో ఏడు రోజులు ఉంచి చూసింది. వాసన పదార్థాలు బాగా పడిపోయాయి, కాయను బయట పెట్టి కొన్నాళ్లు ఆగినా పూర్తిగా తిరిగి రాలేదు. చలికి కొన్ని జన్యువుల మీద రసాయన ముద్రలు పడి అవి మూగబోవడమే ఇందుకు కారణమని తేలింది. 12 డిగ్రీల లోపు చలి టమాటాకు పడదు.

అలాగని మే నెలలో, ఇంట్లోనే 38 డిగ్రీలు ఉన్నప్పుడు, పండిన నాటుకాయను బయట వదిలేస్తే మర్నాటికి బూజే. అదే ప్రయోగంలో ఇంకో ఫలితం ఇక్కడ అక్కరకొస్తుంది: చలిలో పోయింది వాసనే, చక్కెరలూ పులుపూ పోలేదు. కాబట్టి దోరకాయలను బయటే పండనివ్వాలి. పచ్చిగా ఉల్లిపాయతో, పెరుగులో కలిపి తినేవాటిని ఆ రోజుకారోజు కొనుక్కోవాలి. ఫ్రిజ్‌లోకి వెళ్లక తప్పనివాటిని చారుకూ పప్పుకూ పచ్చడికీ వాడుకోవాలి. ఆ వంటలకు కావలసిన పులుపు వాటిలో చెక్కుచెదరదు.

రుచికి గ్రేడు

పోయినవాటిలో చాలావరకు తెచ్చుకోగలిగినవే. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో టమాటా జన్యు వనరుల కేంద్రం ఉంది. అక్కడ ‘అర్కా వికాస్’ రకంలో కృత్రిమంగా ఉత్పరివర్తనలు కలిగించి, వేల మొక్కల్లో ఏ మార్పు పండటాన్ని, రంగును, నిలవను ఎలా మారుస్తుందో పరిశీలిస్తున్నారు. వైరస్‌ను తట్టుకునే వంశంలో పలచటి గోడ, నిండు జిగురు, పచ్చటి భుజాలు కలపడం సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. అలాంటి కాయ ఐదు వందల కిలోమీటర్లు వెళ్లలేదు, వెళ్లాల్సిన పనీ లేదు. ఎర్రుపాలెం, మధిర వైపు చలికాలంలో పండే కాయకు ఖమ్మం ఒకవైపు, విజయవాడ మరోవైపు గంటా గంటన్నర దూరంలోనే ఉన్నాయి. పొద్దున కోసి పొద్దున్నే అమ్ముకోగల రైతు, మదనపల్లె లారీ కోసం పుట్టించిన గట్టి కాయనే వేయాల్సిన అవసరం ఏముంది?

అవసరం ధరలో ఉంది. తీగ మీదే ఎర్రబడిన తీపి కాయకూ, దారిలో ఎర్రబడిన చప్పటి కాయకూ ఒకే రేటు పలికినంతకాలం రైతు రెండోదే వేస్తాడు. చెరకు, ద్రాక్ష సాగులో వాడే రిఫ్రాక్టోమీటర్ జేబులో పట్టేంత పరికరం. దాని మీద రెండు చుక్కల రసం వేస్తే చాలు, అందులో కరిగి ఉన్న చక్కెరా మిగతా సారమూ ఎంతో క్షణంలో అంకెగా చెబుతుంది. మామూలు టమాటాలో ఆ అంకె నాలుగైదు దగ్గర ఉంటుంది, బాగా పండిన మంచి రకంలో ఇంకా పైకి వెళ్తుంది. సైజు, రంగు, గట్టిదనం పక్కన ఈ అంకెకూ గ్రేడులో ఒక గడి ఇచ్చి, దానికి కిలోకు రెండు మూడు రూపాయలు తేడా పెట్టిన రోజున విత్తన కంపెనీలు వాటంతటవే రుచి వైపు చూస్తాయి. గట్టి కాయను కోరినప్పుడు ఇచ్చింది కూడా అవే కదా.